26 ఏళ్లకే డీటీ కుర్చీ: నాకంటే రెట్టింపు వయసున్న వాళ్లతో పని చేయించడం ఎలా?

పచ్చఇంకు_కల
గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దార్‌గా వచ్చాను. ట్రైనింగ్ అయ్యాక ఒక మండలాఫీసులో వేశారు (ఆంధ్రాలోనే, ఏ మండలమో అడగొద్దు). వయసు 26. నా కింద ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు, జూనియర్ అసిస్టెంట్లు, కంప్యూటర్ ఆపరేటర్, రికార్డ్ అసిస్టెంట్, అటెండర్లు. అటెండర్‌తో సహా అందరిలోకీ చిన్నదాన్ని నేనే.

తలనొప్పంతా ఒక సీనియర్ అసిస్టెంట్ గారితో. 56 ఏళ్లుంటాయి. పని రాక కాదు, ఆఫీసులో ఆయనకు తెలియనిది లేదు. కానీ ఫైళ్ల కట్ట రోజూ సాయంత్రం 5:20కే నా బల్ల మీదికి వస్తుంది. "సంతకం పెట్టేస్తే పొద్దున్నే పంపించేస్తానమ్మా" అని నిలబడతారు. చదువుతానంటే వాచీ చూసుకుంటారు. ఫలానా ఫైలు ఎందుకు ఆలస్యమైందని అడిగితే "తహసీల్దార్ గారికి చెప్పాన్లే అమ్మా" అంటారు. నేను మధ్యలో లేనట్టే.

ఆయనతో చేయించడం కంటే నేను చేసుకోవడమే సులువని పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల) అర్జీలకు ఎండార్స్‌మెంట్లు (అర్జీదారుకు ఇచ్చే జవాబులు) కూడా నేనే రాస్తున్నాను. ఇంటికెళ్లేసరికి రాత్రి తొమ్మిది అవుతోంది. పైగా మా ఆఫీసులో ఆర్‌టీఐకి పీఐఓ (సమాచారం ఇవ్వాల్సిన అధికారి) నేనే. ఒక దరఖాస్తు గడువు దగ్గర పడుతోంది, కాగితాలేమో ఆయన సెక్షన్‌లో ఉన్నాయి. "వెతుకుతున్నామమ్మా" అంటున్నారు.

గట్టిగా ఉంటే "నిన్నగాక మొన్న వచ్చి పొగరు" అంటారు. మెత్తగా ఉంటే ఇదీ పరిస్థితి. ఈ దశ దాటినవాళ్లు చెప్పండి.

మెమో_మాస్టారు
మెమో ఇవ్వండి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. ఒక్కసారి కాగితం చేతికందితే అన్నీ సర్దుకుంటాయి.

ఉప్మా_రవ్వ
ఆ మెమో టైప్ చేసి, నంబరేసి, ఫెయిర్ కాపీ తీయాల్సింది కూడా ఆయన సెక్షనే కదా గురూ. 5:20కి సంతకానికి తెస్తారు.

గోదారిగట్టు
😂😂 టాపిక్ మూసేయొచ్చు ఇక.

ఫైలుపురుగు
మూయకండి. కలెక్టరేట్‌లో సూపరింటెండెంట్‌గా రిటైరైనవాణ్ణి, ఒక మాట చెప్పి పోతాను.

అమ్మాయ్, నీకు అధికారం లేక కాదు ఈ బాధ. ఆఫీసులోకి ఏ కాగితం వస్తోందో, ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉందో నీకు తెలియడం లేదు. ఆయనకు తెలుసు. ఉన్న తేడా అంతే. ఇది వయసుతో వచ్చేది కాదు, రిజిస్టర్లతో వచ్చేది.

రేపటి నుంచి తపాలు నీ బల్ల మీద, నీ ఎదురుగా విప్పించు. ప్రతి కాగితం మీద తేదీతో ఇనీషియల్ నువ్వే వెయ్యి, ఏ సెక్షన్‌కో నువ్వే రాయి. అరగంట పని. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని చిల్లర పని అనుకుని గుమాస్తాకు వదిలేస్తారు. తపాలు ఎవరి ముందు విప్పితే ఆఫీసు వాళ్లది.

తర్వాత పర్సనల్ రిజిస్టర్. డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ ప్రకారం ప్రతి గుమాస్తాకూ పీఆర్ ఉండాలి. కరెంటు నంబరు (వచ్చిన కాగితానికి వేసే నంబరు), వచ్చిన తేదీ, ఎప్పుడు ఎవరికి రాశారు, జవాబు వచ్చిందా, చివరికి ఏ డిస్పోజల్, అన్నీ అందులో ఉంటాయి. వారంలో ఒక్కో రోజు ఒక్కొక్కరి పీఆర్ తెప్పించుకో. "ఈ-ఆఫీస్ వచ్చాక పీఆర్లెందుకమ్మా" అంటాడు, రాసిపెట్టుకో. అనగానే నవ్వుతూ ఈ-ఆఫీస్‌లో ఆయన పేరు మీదున్న పెండింగ్ తెరిచి చూపించు. ఫైలు ఏ రోజు నుంచి ఎవరి దగ్గరుందో అదే చెబుతుంది, దానికి మొహమాటం లేదు.

అడిగేటప్పుడు "ఎందుకు ఆలస్యం?" అనకు. ఆలస్యానికి ఆయన దగ్గర ముప్పై ఏళ్ల అనుభవంతో తయారైన కారణాలుంటాయి. "ఈ నంబరు ఇప్పుడు ఎక్కడుంది?" అని అడుగు. దానికి ఒక్కటే జవాబు.

5:20 కట్ట సంగతి. అది పాత విద్య. నా మీదా వేశారు, మా తర్వాతి వాళ్ల మీదా వేస్తారు. నాలుగు తర్వాత వచ్చిన ఫైలు, అర్జెంట్ స్లిప్ ఉంటే తప్ప, మర్నాడు పదకొండుకు తిరిగొస్తుందని ఒక్కసారి అందరి ముందూ చెప్పు. రెండోసారి చెప్పకు. కట్ట తీసి బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్లిపో.

మెమో_మాస్టారు
@ఫైలుపురుగు ఇంత చరిత్ర ఎందుకండీ, కాగితం మీద వివరణ అడిగితే ఒక్క రోజులో దారికొస్తాడు.

ఫైలుపురుగు
@మెమో_మాస్టారు శిక్ష వేసే అధికారం డీటీకి లేదు. 1991 సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు) ఒకసారి తిరగెయ్యండి. ఆమె ఇచ్చేది సంజాయిషీ అడిగే మెమో మాత్రమే. ఆయన అందంగా నాలుగు పేజీల వివరణ ఇస్తాడు, అది చదివి రిమార్కులు రాయాల్సింది మళ్లీ ఈమే. ఆఖరి తూటా మొదటే పేలిస్తే తర్వాత తుపాకీ చూపించి ఏం లాభం?

ప్రమోటీ_62
నేను అవతలి పక్షం. జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, డీటీ అవడానికి దాదాపు సర్వీసంతా ఎదురుచూసినవాణ్ణి. ఆ సీనియర్ అసిస్టెంట్ గారి వైపు నుంచి చూడండి ఒకసారి.

ఆయన అనుకున్న తర్వాతి మెట్టు మీరు కూర్చున్న కుర్చీయే. 2022 జనవరిలో మన రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కు పెంచారు. సర్వీసు పెరిగిందని అందరూ సంతోషించారు కానీ ప్రమోషన్ల లైన్‌లో ఉన్నవాళ్లకు అది దెబ్బే. పైవాళ్లు దిగితేనే కదా కిందివాళ్లు ఎక్కేది. రెండేళ్లు ఎవరూ దిగలేదు. ఇక ఖాళీ వస్తుందనుకునేసరికి డైరెక్ట్ రిక్రూట్ వచ్చి కూర్చుంది. ఆయనకు మీమీద కోపం లేదు, కుర్చీ మీద ఉంది. అందులో మీరున్నారు, అంతే.

ఆయనకు తెలిసింది అడగండి. ఏ సర్వే నంబరు 22ఎ జాబితాలోకి (రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత భూముల జాబితా) ఎందుకు పోయింది, ఏ ఊళ్లో ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత భూ రిజిస్టర్) ఒకటుంటే అడంగల్‌లో ఇంకొకటి ఎందుకుంది, ఇవి ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. వెబ్‌ల్యాండ్‌లో (ఆన్‌లైన్ భూ రికార్డులు) అసలే దొరకవు. అలాంటి మనుషుల తలలో ఉంటాయి. రిటైరైతే వాళ్లతోనే పోతాయి.

మెమో_మాస్టారు
జాలి పడితే ఫైలు కదలదు సార్. ప్రమోషన్ రాలేదని జీతం మానేశారా?

ప్రమోటీ_62
జాలి చూపించమనలేదు. ఏం తెలుసో అడగమన్నాను. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మీ మెమోలన్నీ పుడుతున్నాయి.

పచ్చఇంకు_కల
@ప్రమోటీ_62 ఈ వైపు నుంచి నిజంగా ఆలోచించలేదండీ. కానీ ఒక సందేహం. నేనే వెళ్లి "నాకు తెలియదు, చెప్పండి" అంటే ఉన్న కాస్త గౌరవం కూడా పోదా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
పోదు. తెలిసినట్టు నటిస్తే పోతుంది. ఆఫీసులో ఎవరికేం తెలుసో అందరికీ తెలుసు.

మాది ప్రైవేటు, హైదరాబాద్‌లో కాల్ సెంటర్. నా కథ వేరు. నేను నిన్నటిదాకా ఫ్లోర్ మీద వాళ్లలో ఒకణ్ణి, తెల్లారితే టీమ్ లీడ్. మీకు పెద్దవాళ్లతో ఇబ్బంది, నాకు ఫ్రెండ్స్‌తో. క్యాబ్‌లో నా పక్కన కూర్చునేవాడే "మామా, ఈసారి శని ఆదివారాలు నాకే ఆఫ్ వెయ్" అంటాడు. వేస్తే మిగతావాళ్లు గుర్రు, వెయ్యకపోతే "పెద్దోడైపోయాడు" అని వెటకారం. వీకాఫ్ రొటేషన్ మూడు నెలలకు ఒకేసారి వేసి, అందరికీ కనిపించేలా షీట్‌లో పెట్టేశాను. మార్చుకోవాలంటే ఇద్దరూ మాట్లాడుకుని నాకు చెప్పాలి. అడగడాలు తగ్గాయి, ఎందుకంటే అడగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

పాత వాట్సాప్ గ్రూపులోంచి కూడా నేనే బయటికొచ్చాను. నన్ను తిట్టుకోవడానికి వాళ్లకో చోటు కావాలి కదా.

మీరు రాత్రి తొమ్మిదింటిదాకా ఎండార్స్‌మెంట్లు రాయడం ఉంది చూశారూ, కొత్తగా టీఎల్ అయిన ప్రతివాడూ చేసేది అదే. కష్టమైన కాల్ వస్తే "ఇటివ్వు, నేను చూస్తా" అంటాడు. టీమ్‌కు అలవాటైపోతుంది. ఆర్నెల్లకు టీమ్‌లో ఎవరికీ కష్టమైన కాల్ ఎత్తడం రాదు, టీఎల్‌కు నిద్ర ఉండదు.

ఉప్మా_రవ్వ
మీకు అప్రైజల్ రేటింగ్ ఉంటుంది బ్రో, కనీసం భయపడతారు. ఇక్కడ ఇంక్రిమెంట్ పంచాంగం చూసుకుని వస్తుంది.

డల్లాస్_డాడీ
వారానికోసారి ఆయనతో విడిగా అరగంట ఒన్-ఆన్-ఒన్ పెట్టుకోండి. ఆయన కెరీర్ గోల్స్ ఏమిటో కనుక్కోండి. ఇక్కడ మేమంతా అలాగే చేస్తాం.

ఉప్మా_రవ్వ
56 ఏళ్ల సీనియర్ అసిస్టెంట్‌ను "అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు" అని అడిగితే "పెన్షన్ కాగితాల్లో" అంటాడన్నా.

డల్లాస్_డాడీ
సరే ఒప్పుకున్నా 🙏 మీ ఊరు మీ ఇష్టం.

తాళంచెవి
నేను పీఎస్‌యూ బ్యాంకు. పీఓగా (ప్రొబేషనరీ ఆఫీసర్) చేరి, ప్రొబేషన్ అయ్యాక కొన్నాళ్లకే పల్లెటూరి బ్రాంచికి మేనేజర్‌గా వేశారు. హెడ్ క్యాషియర్‌కు మా నాన్న వయసు.

మా దగ్గర ఒక సౌకర్యం ఉంది, అది మీకు లేదు. స్ట్రాంగ్‌రూమ్‌కు రెండు తాళాలు. ఒకటి మా వైపు, ఒకటి ఆయన దగ్గర. ఇద్దరం ఉంటే తప్ప తెరుచుకోదు. నేను ఎంత పెద్ద మేనేజర్‌నైనా పొద్దున్నే ఆయన రాకపోతే కౌంటర్ మొదలవదు, నేను రాకపోతే ఆయనా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ తలుపు దగ్గర పెద్దా చిన్నా లేదు.

నేను పెద్ద కబుర్లేమీ చెప్పలేదు. టైముకు తలుపు దగ్గర ఉండేవాణ్ణి, ఏ రోజూ తప్పకుండా. మొదట్లో ఆయన పావుగంట లేటుగా వచ్చేవాడు. నేనేమీ అనేవాణ్ణి కాదు, తాళంచెవి పట్టుకుని అక్కడే నిలబడేవాణ్ణి. లైన్లో ఉన్న రైతులు ఆయన్నే అడిగేవాళ్లు, "ఏం సారూ, ఈ వేళ కూడానా" అని. నేను అనాల్సింది వాళ్లే అన్నారు.

ఇంకొకటి. ఆయన లెక్క తప్పినా ఎప్పుడూ కస్టమర్ల ముందు అనలేదు. లోపలికి పిలిచి, తలుపు వేసి, అప్పుడు. కౌంటర్ దగ్గర ఒక్కసారి పరువు తీసి ఉంటే ఆయన రిటైరయ్యేదాకా ఆ తలుపు దగ్గర నాకు నరకమే.

సీమ_చినుకు
అందరూ వయసు గురించే మాట్లాడుతున్నారు. అమ్మాయి అన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను వేరే డిపార్ట్‌మెంట్‌లో సూపరింటెండెంట్‌ని, ఇదంతా చూసినదాన్నే.

నువ్వు కుర్చీలో కూర్చుని ఉండగానే జనం వచ్చి "డీటీ సారు ఎప్పుడొస్తారమ్మా" అని అడుగుతుంటారు, అవునా? గది బయట నీ పేరు, హోదా ఉన్న బోర్డుందా? చాలా ఆఫీసుల్లో పాత డీటీ బోర్డు తీసేసి కొత్తది పెట్టించరు. ముందు అది పెట్టించు. సొంత డబ్బులైనా సరే, వందల్లో పని. అడిగి పెట్టించుకోవడానికి సిగ్గుపడకు.

"అమ్మా" అంటే పట్టించుకోకు, మన దగ్గర అందరినీ అలాగే అంటారు. "పాప" అంటే మాత్రం మొదటి రోజే ఆపు. నవ్వుతూనే ఆపొచ్చు. నేనైతే "మా ఇంట్లో అంటారండీ, ఇక్కడొద్దు" అన్నాను, మళ్లీ రాలేదు ఆ మాట.

రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చోకు తల్లీ. అదే పని మగాడు చేస్తే కష్టజీవి అంటారు, నిన్ను "పని రాదు, అందుకే అంతసేపు" అంటారు. అన్యాయమే, కానీ అంటారు. వాచ్‌మన్ నుంచి ఊరంతా అంటుంది.

అసలు కిటుకు మీ తహసీల్దార్ దగ్గరుంది. ఆయన ఒకే ఒక్క ఫైలు "డీటీ ద్వారా రండి" అని వెనక్కి పంపితే నీ సగం తలనొప్పి పోతుంది. నువ్వు ఫిర్యాదు చేయడానికి వెళ్లకు. "సార్, ఫైళ్లు నా ద్వారా వస్తే మీ దగ్గరికి వచ్చేసరికి తప్పులు తగ్గుతాయి, మీకు చదివే పని తగ్గుతుంది" అని చెప్పు. తన పని తగ్గుతుందంటే కాదనే ఆఫీసర్‌ని నేనింకా చూడలేదు.

మెమో_మాస్టారు
@సీమ_చినుకు ఇది బాగుంది. మెమో కంటే బాగుంది అని మాత్రం అనను.

పచ్చఇంకు_కల
@సీమ_చినుకు బోర్డు సంగతి ఎలా కనిపెట్టారండీ?! నిజంగా నాకు ముందున్న సార్ పేరే ఉంది ఇంకా. మా తహసీల్దార్ గారు మంచివారే, ప్రోటోకాల్ డ్యూటీలు, వీడియో కాన్ఫరెన్సులతో ఆయనకు ఊపిరాడదు. ఎవరు ఫైలు పట్టుకెళ్లినా సంతకం పెట్టేస్తారు.

సెక్షన్_ఐదు
మీరంతా మనస్తత్వాలు మాట్లాడుకుంటున్నారు, అక్కడ ఆర్‌టీఐ గడువు పరిగెడుతోంది. దాని గురించి ఎవరూ చెప్పరేం?

పీఐఓ మీరు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే తిరస్కరించినట్టే లెక్క, ఆ తర్వాత ఇస్తే ఫీజు తీసుకోకుండా ఉచితంగా ఇవ్వాలి. విషయం సమాచార కమిషన్ దాకా పోతే సెక్షన్ 20 కింద రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా. ఆఫీసు డబ్బు కాదు, మీ జీతంలోంచి.

కానీ సెక్షన్ 5(4) చూడండి. పీఐఓ తన పని కోసం ఏ ఇతర అధికారి సహాయమైనా కోరవచ్చు. వెంటనే 5(5): అలా కోరితే ఆ అధికారి సహాయం చేసి తీరాలి. చట్టం ఉల్లంఘన జరిగితే ఆ పనికి ఆయన్నే పీఐఓగా చూస్తారు. అంటే మీరు రాతపూర్వకంగా 5(4) కింద అడిగిన క్షణం నుంచి ఆలస్యం బరువు ఆయన మీద కూడా పడుతుంది. నోటితో "చూడండి సార్" అన్నంతకాలం అంతా మీ నెత్తినే.

ఉప్మా_రవ్వ
రోజుకు 250 అనగానే పోయిన ఫైళ్లు వాటంతటవే నడిచొస్తాయి. ఈ అద్భుతం మా ఆఫీసులో కళ్లారా చూశాను.

మెమో_మాస్టారు
చివరికి నేనన్న చోటికే వచ్చారు అందరూ. కాగితం మీద పెట్టండి!!

సెక్షన్_ఐదు
@మెమో_మాస్టారు కాదు. మీది తప్పు పట్టే కాగితం. ఇది సహాయం అడిగే కాగితం. చదివితే ఆయనకు కోపం రావడానికి అందులో ఒక్క ముక్క ఉండదు. తేడా అక్కడే.

బెజవాడ_బ్లేజ్
సైడ్ ట్రాక్: డీటీకి పచ్చ ఇంకు ఉండదు కదా? గెజిటెడ్ వాళ్లకే అని విన్నా.

పచ్చఇంకు_కల
ఉండదు. అందుకే "కల" 😅 తహసీల్దార్ అయ్యాక.

ఉప్మా_రవ్వ
అప్పటికి ఈ-ఆఫీస్‌లో అంతా డిజిటల్ సంతకమే. ఇంకు సీసా దాచుకుని ముచ్చట తీర్చుకోవడమే.

పచ్చఇంకు_కల
అప్‌డేట్ ఇవ్వమని చాలామంది మెసేజ్‌లో అడిగారు. గత వారం నుంచి తపాలు నా ఎదురుగానే విప్పిస్తున్నాను. బోర్డు వచ్చింది. నాలుగు తర్వాత వచ్చిన కట్ట బీరువాలో పెట్టాను. @ఫైలుపురుగు గారు చెప్పినట్టు ఒక్కసారే చెప్పాను.

మర్నాడు ఆయన సీఎల్ (క్యాజువల్ లీవ్). పొద్దున్న వాట్సాప్‌లో "సీఎల్" అని రెండక్షరాలు, కారణం లేదు. ఆ రోజే ఆర్డీఓ ఆఫీసు నుంచి ఒక పాత ఫైలు అడిగారు. నాకు చెమటలు పట్టాయి. అటెండర్ వెళ్లి ఆయన సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంట్‌ను తీసుకొచ్చాడు. ఆ అబ్బాయి నేరుగా వెళ్లి పై అరలో, మూడో కట్టలోంచి ఫైలు లాగి ఇచ్చాడు. తాళ్లు కట్టిన తీరు, మీద సన్నటి చేతిరాతతో డి.డిస్ నంబరు (ముగిసిన ఫైలుకు వేసేది), ఏ సంవత్సరం దాకా ఉంచాలో, అన్నీ చక్కగా ఉన్నాయి. అడిగితే తెలిసింది, ఆ సెక్షన్‌లో నోట్లు, డ్రాఫ్టులు, కట్టలు అన్నీ ఈ అబ్బాయే చేస్తాడట. సీనియర్ అసిస్టెంట్ గారు సంతకం పెట్టి నా దగ్గరికి తెస్తారు. ఇన్నాళ్లూ ఈ అబ్బాయి నాతో "నమస్తే మేడమ్" తప్ప మరో మాట మాట్లాడలేదు.

ఇప్పుడు నేరుగా ఈ అబ్బాయికే పని చెప్పేయొచ్చు కదా అనిపిస్తోంది.

ప్రమోటీ_62
ఆ పని మాత్రం చేయకండి. మిమ్మల్ని దాటి తహసీల్దార్ దగ్గరికి వెళ్తున్నారని మీ బాధ. ఆయన్ను దాటి మీరు కిందికి వెళ్తే ఆయనకూ అదే బాధ. పైగా ఆ కుర్రాడు రేపటి నుంచి ఆ గదిలో ఆయన పక్కనే కూర్చోవాలి.

ఫైలుపురుగు
@ప్రమోటీ_62 సగం ఒప్పుకుంటాను. పని సీనియర్ ద్వారానే పోవాలి. కానీ చేసినవాడి పేరు పైకి రావాలి. నోట్ ఫైలులో జూనియర్ అసిస్టెంట్ రాసిన నోటు కింద అతని ఇనీషియల్, తేదీ ఉండాల్సిందే అని చెప్పు అమ్మాయ్. అది మాన్యువల్‌లో ఉన్న పద్ధతే, నీ సొంత రూలు కాదు కాబట్టి ఎవరూ నొచ్చుకోలేరు. ఎవరు ఎంత చేస్తున్నారో నెలకల్లా కాగితమే చెబుతుంది.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
ఈ ఒక్క పాయింట్ మా కంపెనీ వాళ్లకు చెప్పాలి. మా స్లైడ్ల మీద చేసినవాడి పేరు తప్ప అందరి పేర్లూ ఉంటాయి.

మెమో_మాస్టారు
కారణం రాయని సీఎల్‌కు గైర్హాజరు వెయ్యాలి. ఏడాదికి 15 సీఎల్‌లు హక్కు కాదు, మంజూరైతేనే సెలవు. లేట్ రిజిస్టర్ కూడా తెరవండి, మూడు లేట్లకు ఒక సీఎల్ కోత ఉంది.

తాళంచెవి
ఆ ఒక్క రోజు సీఎల్‌కు గైర్హాజరు వేస్తే ఆమె గొడవ పెట్టుకోడానికే చూస్తోందని ఆఫీసంతా ఆయన పక్షం తిరుగుతుంది. అలిగి ఒక రోజు మానేశాడు, అంతే కదా. మంజూరు చేసి వదిలేయండి.

ఫైలుపురుగు
తాళంచెవి గారి మాటే నా మాట. మంజూరు చెయ్యి, కానీ సీఎల్ రిజిస్టర్‌లో అదే రోజు ఎక్కించు. ఇకమీదట ముందు రోజు అడగాలని అందరికీ కలిపి చెప్పు, ఆయన ఒక్కరికే కాదు. లేట్ల కోత పెడితే వచ్చే సోమవారం గ్రీవెన్స్ రోజున బస్సు ఆలస్యమై ముందు దొరికేది మన మంచి జూనియర్ అసిస్టెంటే.

సీమ_చినుకు
మరి ఆయన తిరిగొచ్చాక? అది చెప్పలేదు.

పచ్చఇంకు_కల
వచ్చారు. ముఖం ముడుచుకునే వచ్చారు. సీఎల్ సంగతి ఎత్తలేదు నేను. ఒక 22ఎ అర్జీ ఉంది, పీజీఆర్‌ఎస్‌లో రెండుసార్లు రీఓపెన్ అయింది, నాకు తలా తోకా అర్థం కాలేదు. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటం), అడంగల్ రెండూ పట్టుకుని నేనే ఆయన బల్ల దగ్గరికి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాసేపు బిగుసుకున్నారు. తర్వాత పెన్సిల్ తీసుకుని ఎఫ్‌ఎంబీ మీద గాల్లోనే గీస్తూ, ఈ గట్టు ఎప్పుడు జరిగింది, ఏ సబ్‌డివిజన్‌లో పొరపాటున మొత్తం నంబరు నిషేధిత జాబితాలోకి పోయింది, అసలు ప్రభుత్వ భూమి ఎంత, మిగతా పట్టా ఎంత, అన్నీ చెప్పారు. టీ కూడా చల్లారిపోయింది. ఆ అర్జీకి రిపోర్టు ఆయనే రాస్తానన్నారు.

ఇంత జరిగినా నిన్న మళ్లీ ఒక ఫైలు నేరుగా తహసీల్దార్ గారి దగ్గరికి పట్టుకెళ్లారు. కాకపోతే సార్ వెనక్కి పంపారు, "డీటీ ద్వారా" అని రాసి. నేను ముందురోజే మాట్లాడి ఉంచాను.

ఉప్మా_రవ్వ
ఆ ఫైలు మీ దగ్గరికి ఎన్నింటికి వచ్చింది?

పచ్చఇంకు_కల
3:40 😌

గోదారిగట్టు
నాలుగు లోపే! పార్టీ ఎప్పుడు?

పచ్చఇంకు_కల
ఆర్‌టీఐ ఇంకా తేలలేదు, పార్టీ అప్పుడే వద్దు. @సెక్షన్_ఐదు గారూ, 5(4) కింద రాసేదానికి తెలుగులో నమూనా ఏదైనా ఉంటే పెట్టగలరా? ఆయనకు ఇప్పుడిప్పుడే కాస్త మనసు కుదురుతోంది, చదవగానే మళ్లీ బిగుసుకునేలా ఉండకూడదు.

సెక్షన్_ఐదు
ఇదిగో, మీ ఆఫీసుకు తగ్గట్టు మార్చుకోండి.

"విషయం: సమాచార హక్కు చట్టం, 2005 – సెక్షన్ 6(1) కింద అందిన దరఖాస్తు – సెక్షన్ 5(4) కింద సహాయం కోరుట గురించి.

పై దరఖాస్తులో కోరిన సమాచారానికి సంబంధించిన రికార్డు మీ సెక్షన్ నిర్వహణలో ఉన్నది. కావున సదరు చట్టం సెక్షన్ 5(4) ననుసరించి మీ సహాయం కోరడమైనది. తేది ........ లోపు రికార్డు ప్రతులను అందజేయవలసినదిగానూ, రికార్డు లభ్యం కానిచో ఆ విషయాన్ని కారణాలతో లిఖితపూర్వకంగా తెలియజేయవలసినదిగానూ కోరడమైనది. దరఖాస్తు గడువు తేది ........ తో ముగియును."

5(5) గురించి ఇందులో రాయకండి. అనుభవం ఉన్న మనిషి, 5(4) చూడగానే పక్కది ఆయనకే గుర్తొస్తుంది. తేదీ మాత్రం గడువుకు వారం ముందుది వెయ్యండి, ప్రతులు చూసి, మూడో వ్యక్తి వివరాలుంటే తీసేయడానికి మీకూ టైము కావాలి.

ఉప్మా_రవ్వ
ఇది టైప్ చేసేదెవరు అని అడగను, పాత జోకు.

ఫైలుపురుగు
ఆర్.సి. నంబరు వేసి, ఈ-ఆఫీస్‌లోనే పంపు. చేతికిస్తే లోకల్ డెలివరీ బుక్‌లో సంతకం తీసుకో. సొంత సెక్షన్‌కు ఇచ్చే కాగితమే కదా అని వదిలేస్తే "నాకు అందలేదమ్మా" అన్న మాట ఎక్కడికీ పోలేదు.

పచ్చఇంకు_కల
ఈ-ఆఫీస్‌లోనే పంపుతా సార్. రేపు పొద్దున తపాలు అవగానే.